వేగుచుక్కతో నాలుగేళ్ళు: యోత్ ఇరియా ‘యాజ్ ద ఫ్లేమ్ విదర్స్’

మా కారు స్టీరియోకి ఒక పాడు అలవాటు ఉంది. తాళం తిప్పగానే ఫోన్‌లో ఆఖరున విన్న పాటని ఎవరినీ అడక్కుండా ఎత్తుకుంటుంది. నాలుగేళ్ళుగా అలా ఎత్తుకున్న వాటిలో సగానికి సగం యోత్ ఇరియా అనే మెటల్ బ్యాండ్ పాటలే. అందుకని వాళ్ళ ఆల్బమ్ ‘యాజ్ ద ఫ్లేమ్ విదర్స్’ గురించి రాసే అర్హత నాకు వచ్చేసినట్టే. విడుదలైన వారంలో రాసి ఉంటే ఇంకోలా రాసేవాణ్ణి. ఇవాళ చదువుకుని నాలిక్కరుచుకునేవాణ్ణి కూడా.

పోలండ్‌లోని పేగన్ రికార్డ్స్ వాళ్ళు 2021 జనవరిలో తెచ్చిన ఆల్బమ్ ఇది. ఎనిమిది పాటలు, ముప్పావుగంట అటూ ఇటూ. బ్యాండ్ గ్రీసుది. పేరు కొత్తదే గానీ మనుషులు పాతకాపులు. బేస్ గిటార్ జిమ్ మ్యుటిలేటర్. 1987లో రాటింగ్ క్రైస్ట్ అనే గ్రీకు బ్యాండ్‌ని మొదలుపెట్టినవాళ్ళలో ఒకడు, ఆ తర్వాత వరాథ్రాన్ అనే ఇంకో బ్యాండ్ పుట్టుకలోనూ చెయ్యి ఉన్నవాడు. గొంతు ‘ద మేగస్’ది. నెక్రోమాంటియా అనే బ్యాండ్ ఆయనదే. తొలినాళ్ళ రాటింగ్ క్రైస్ట్ రికార్డుల్లో కీబోర్డు వాయించిందీ ఆయనే, థౌ ఆర్ట్ లార్డ్ అనే బ్యాండ్‌లో రాటింగ్ క్రైస్ట్ గాయకుడు సాకిస్ టోలిస్‌తో కలిసి పనిచేసిందీ ఆయనే. గిటార్లు జార్జ్ ఎమాన్యుయెల్‌వి. ఇతను తర్వాతి తరం. రాటింగ్ క్రైస్ట్‌లో కొన్నేళ్ళు వాయించాడు, లూసిఫర్స్ చైల్డ్ అనే సొంత బ్యాండ్ పెట్టాడు. డ్రమ్స్ జె.వి. మెయిల్‌స్ట్రామ్. ఇలాంటి దాన్ని సూపర్‌గ్రూప్ అంటారు. మన మాటల్లో మల్టీస్టారర్.

మల్టీస్టారర్ అంటే నాకు భయం. పోస్టర్ మీద ఇద్దరు హీరోలు కనిపించగానే అభిమానులు ఎవరికెన్ని ఫైట్లు, ఎవరికెన్ని పాటలు అని లెక్కపెట్టుకుంటారు. దర్శకుడూ అదే లెక్క వేసుకుంటాడు. కథ మాత్రం ఎవరికీ పట్టదు. మెటల్‌లో సూపర్‌గ్రూపులూ చాలావరకు అంతే. నలుగురు పెద్దవాళ్ళు చేరతారు, ఒక్కొక్కరూ తమ పాత బ్యాండ్‌లో మిగిలిపోయిన రెండేసి పాటలు పట్టుకొస్తారు, ఆల్బమ్ అయిపోతుంది. మొదటిసారి ఇది విన్నప్పుడు నాకు సరిగ్గా ఆ అనుమానమే వచ్చింది. ఇంటినుంచి పని చేస్తున్న రోజులవి. లాప్‌టాప్ స్పీకర్లలో పెట్టి, పక్కన మీటింగ్ నడుస్తుండగా విన్నాను. “బానే ఉంది, 1993ని మళ్ళీ వండి వడ్డించారు” అనుకుని వదిలేశాను. తప్పు నాది. లాప్‌టాప్ స్పీకర్లలో బేస్ గిటార్ వినపడదు. బేస్ వాయించేవాడు నడిపిస్తున్న బ్యాండ్‌ని బేస్ లేకుండా విని తీర్పు చెప్పేశాను.

1993 అన్నాను కాబట్టి ఆ సంగతి చెప్పాలి. వీళ్ళు వాయించేది బ్లాక్ మెటల్, హెవీ మెటల్‌లో చీకటినీ సాతానునీ తలకెత్తుకున్న శాఖ. ఆ పేరు చెబితే లోకానికి నార్వేనే గుర్తొస్తుంది. 1992లో బెర్గెన్ దగ్గర ఫాంటాఫ్ట్ చెక్క చర్చి తగలబడింది, ఆ వెనకే మరికొన్ని. నిప్పు పెట్టింది ఈ సంగీతం కుర్రాళ్ళే అన్నారు. ఆ వార్తలతోపాటే ఆ సంగీతమూ ప్రపంచానికి చేరింది. సరిగ్గా అదే కాలంలో గ్రీసు కుర్రాళ్ళు ఏ గొడవా లేకుండా ఇంకో రకం బ్లాక్ మెటల్ తయారుచేసుకున్నారు. రాటింగ్ క్రైస్ట్ ‘దై మైటీ కాంట్రాక్ట్’, వరాథ్రాన్ ‘హిజ్ మెజెస్టీ ఎట్ ద స్వాంప్’, నెక్రోమాంటియా ‘క్రాసింగ్ ద ఫైరీ పాత్’ మూడూ 1993లోనే వచ్చాయి. ఆ మూడింటిలోనూ జిమ్‌దో మేగస్‌దో ఎవరిదో ఒకరి చెయ్యి ఉంది. అంటే ఈ ఆల్బమ్‌లో 1993 వాసన వస్తోందని ఫిర్యాదు చేయడం, అమ్మ చేసిన పప్పుచారులో అమ్మ చేతి వాసన వస్తోందని గొణగడం లాంటిది.

తేడా ఎక్కడుందో చెవికి తెలుస్తుంది గానీ, నాకు పూర్తిగా అర్థమైంది చేతికి తెలిశాకే. నేను గిటార్ ఏదో పిల్లిమొగ్గల స్థాయిలో వాయిస్తాను. నార్వే పద్ధతిలో తీగని స్వేచ్ఛగా వదిలేసి పిక్‌తో పైకీ కిందికీ గబగబా గీకుతూ పోతారు. శబ్దం తెర కట్టినట్టు, మంచు కురిసినట్టు పరుచుకుంటుంది. గ్రీకువాళ్ళు అలా వదలరు. కుడి అరచేతి అంచుని బ్రిడ్జి దగ్గర, అంటే తీగలు గిటార్‌కి ఆనే చోట, వాటి మీద ఆనించి, శబ్దాన్ని సగం నొక్కేసి, పొట్టిపొట్టి దెబ్బలుగా కొడతారు. గుర్రం దౌడు తీసినట్టు ఉంటుంది. చెయ్యి ఒక్క వెంట్రుకవాసి వెనక్కి జరిగితే శబ్దం తెరుచుకుని గోల అవుతుంది. ముందుకి జరిగితే పీక నొక్కినట్టు చచ్చిపోతుంది. ఆ దౌడు ఆగకుండా సాగుతుంటే, దానిమీద రెండో గిటార్ నెమ్మదిగా ఒక రాగం తీస్తుంది. ‘ద గ్రేట్ హంటర్’ని నేర్చుకుందామని ఒక ఆదివారం కూర్చున్నా. అరగంటకి మణికట్టు పట్టేసింది. రెండు రోజులు మౌస్ ఎడమచేత్తో తిప్పాను. ఈ పనిలో ఆరితేరినవాళ్ళు పాట మధ్యలో ఎక్కడా తొందరపడకపోవడం ఏమిటో ఆరోజు తెలిసింది.

అవును, ఈ ఆల్బమ్‌కి తొందర లేదు. నాలుగేళ్ళ తర్వాత నాకు దీంట్లో అన్నింటికన్నా నచ్చేది అదే. ఎక్కువ పాటలు మధ్యస్థ వేగంలో నడుస్తాయి. మరీ వేగంగా వెళ్ళే చోట్లు ఉన్నాయిగానీ, అక్కడా “చూశావా ఎంత స్పీడో” అనే పోటీ కనిపించదు. చలి సంగీతం అని పేరుపడ్డ ఈ జాతిలో ఇది వెచ్చగా ఉంటుంది. బేస్ గిటార్ అడుగున నిండుగా, నూనె పట్టించిన తలుపులా కదులుతుంది. కీబోర్డులు వెనక ఎక్కడో ఆనవాలుగా ఉంటాయి. గిటార్ సోలోలు పాత హెవీ మెటల్ పద్ధతిలో, ఈలవేసి పాడుకోగలిగేలా ఉంటాయి. మా అమ్మాయికి ఏడేళ్ళు. బండ్ల గోలలో ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళ్తుంటే వెనక సీట్లోంచి ‘ద రెడ్ క్రౌన్ టర్న్స్ బ్లాక్’లో గిటార్ రాగాన్ని కూనిరాగం తీసింది ఓసారి. మా ఆవిడ నా వంక చూసిన చూపు ఇక్కడ రాయను.

ఇక మేగస్ గొంతు. బ్లాక్ మెటల్‌లో గొంతంటే కీచుమని చీరేసినట్టు ఉంటుందని అనుకుంటాం. ఈయనది గరగరలాడే లోగొంతు, ప్రతి మాటా స్పష్టంగా పలుకుతుంది. పాడటం, అరవడం, ప్రవచనం చెప్పడం మూడూ కలిపి చేస్తాడు. మొదట్లో ఆ ప్రవచనం చెప్పే చోట్లంటే నాకు పిచ్చి. రెండో ఏడాదికి మోజు తగ్గింది. మూడో ఏడాదికి కొన్ని చోట్ల “సరే గురువుగారూ, అర్థమైంది, ఇక వాయించండి” అనిపించడం మొదలైంది. మన పద్యనాటకాల్లో రాగం తీసి వన్స్‌మోర్ కొట్టించుకునే పాత్రధారి ఉంటాడే, ఆ ధోరణి. మొదటిసారి వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి, పదోసారికి టీ తాగి వద్దామా అనిపిస్తుంది. అలాగని ఆ గొంతు తీసేసి ఈ పాటల్ని ఊహించలేను.

ఇప్పుడు అసలు విషయానికి, అంటే ఆకల్ట్‌కి వద్దాం. ఆ మాట అనగానే మనవాళ్ళకి టీవీ చానళ్ళ క్షుద్రపూజలు కళ్ళముందు మెదులుతాయి: నాలుగు రోడ్ల కూడలి, కోసిన నిమ్మకాయలు, పసుపు, కుంకుమ, తెల్లారాక చుట్టూ మూగిన జనం. ఆ మాటకి అసలు అర్థం దాచినది అని. గుప్తవిద్య అంటే దగ్గరగా ఉంటుంది. బ్లాక్ మెటల్ బ్యాండ్లలో ఎక్కువమందికి ఈ గుప్తవిద్య ఎక్కడో కొనుక్కొచ్చిన నాటకం డ్రెస్సు లాంటిది. నాలుగు లాటిన్ ముక్కలు, ఒక ఐదు కోణాల నక్షత్రం, ఒక మేక తల. గ్రీకువాళ్ళకి ఆ తిప్పలు లేవు. ఈ పదాలు వాళ్ళ ఇంటి పెరట్లో మొలిచినవి.

‘హెర్మెటిక్ కోడ్’ అనే పాట పేరే చూడండి. హెర్మెస్ అనే పురాణ గురువు పేరు మీద చెలామణీ అయ్యే గ్రంథాలు రోమన్ల కాలపు ఈజిప్టులో గ్రీకు భాషలో పుట్టాయి. చాలావరకు గురుశిష్య సంవాదాలే. హెర్మెస్ తన కొడుకు టాట్‌కి చెబుతుంటాడు, వాడు అడుగుతుంటాడు. మన ఉపనిషత్తుల్లో తండ్రి కొడుకుని కూర్చోబెట్టి చెప్పే పద్ధతే. 1460లలో ఆ గ్రంథాల చేతిరాత ప్రతి ఫ్లారెన్స్ చేరితే, ఆ ఊరిని నడిపిస్తున్న కోసిమో దె మెదీచీ తన పండితుడి చేత ప్లేటో అనువాదాన్ని పక్కన పెట్టించి ముందు వీటిని లాటిన్‌లోకి మార్చమన్నాడు. అంత మోజు. ఈ సంప్రదాయంలో అందరికీ తెలిసిన సూత్రం, పైన ఉన్నదే కింద ఉంది అన్నది. మనం పిండాండం, బ్రహ్మాండం అని చిన్నప్పటినుంచీ వింటున్నదాన్ని ఏథెన్స్ నుంచి వచ్చిన ఎలక్ట్రిక్ గిటార్ మీద వినడం తమాషాగానే ఉంటుంది.

‘ద మాంటిస్’ ఇంకో ఉదాహరణ. ఇంగ్లీషులో మాంటిస్ అంటే చేతులు జోడించినట్టు ముందుకాళ్ళు మడుచుకుని కూర్చునే ఆకుపచ్చ పురుగు. గ్రీకులో మాంతిస్ అంటే జోస్యుడు, సోది చెప్పేవాడు. ప్రార్థన చేస్తున్నట్టు కనిపిస్తుందని పురుగుకి ఆ పేరొచ్చింది. అదే మాట ‘నెక్రోమాంటియా’ చివర కూడా ఉంది, చచ్చినవాళ్ళని పిలిచి సోది చెప్పించుకోవడం అని. మేగస్ కుర్రతనంలో పెట్టుకున్న బ్యాండ్ పేరు, ముప్ఫై ఏళ్ళ తర్వాత పాడిన పాట పేరు ఒకే వేరునుంచి వచ్చాయన్నమాట. ‘టైరంట్స్’ కూడా అంతే. పాత గ్రీకులో తిరన్నోస్ అంటే వారసత్వం లేకుండా గద్దె ఎక్కినవాడు అనే. క్రూరుడు అనే అర్థం తర్వాత అతుక్కుంది. పాటలు ఎక్కువగా ఇంగ్లీషులో పాడినా, ఆ ఇంగ్లీషు మాటల పునాదులు వాళ్ళవే కాబట్టి పలికేటప్పుడు ఆ నోటికి బరువు తెలుస్తుంది. ఇది నా భ్రమ కావచ్చని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. నార్వే, ఫ్రాన్స్ బ్యాండ్లు ఇవే మాటలు పలగ్గా విన్నాక ఆ అనుమానం పోయింది.

ఇక్కడ మా అత్తగారి ప్రస్తావన తప్పదు. మాది ప్రేమపెళ్ళి. మా ఆవిడ వాళ్ళది గుంటూరు, తరాలుగా లూథరన్ క్రైస్తవులు. రాటింగ్ క్రైస్ట్ టీషర్ట్ ఒకటి పెళ్ళికి ముందే అటక ఎక్కించేశాను, అంతటి జ్ఞానం ఉంది నాకు. కానీ స్టీరియోకి ఆ జ్ఞానం లేదు కదా. రెండేళ్ళ క్రితం ఆవిణ్ణి ఆదివారం గుడి దగ్గర దింపడానికి కారు తీస్తే, తెర మీద పెద్దక్షరాలతో ‘ద లూసిఫెరియన్’ అని పడింది. ఆల్బమ్‌లో ఆఖరి పాట అది. నేను నొక్కేలోపు ఆవిడ చదివేసింది.

“లూసిఫర్ అంటే సాతాను కదా అల్లుడుగారూ?”

“లాటిన్‌లో వెలుగు తెచ్చేవాడు అని అర్థం అత్తయ్యగారూ. గ్రీకులో ఎయోస్ఫోరోస్ అంటారు. పొద్దున్నే కనిపించే చుక్క.”

తప్పించుకోవడానికి అన్నమాట అది. ఆవిడ వెంటనే ఒడిలో ఉన్న బైబిలు తీసి, యెషయా పద్నాలుగో అధ్యాయం తెరిచి, పన్నెండో వచనం మీద వేలు పెట్టింది. హెబ్రీ మూలాన్ని గ్రీకులోకి తెచ్చినవాళ్ళు ఎయోస్ఫోరోస్ అన్నచోట, లాటిన్‌వాళ్ళు లూసిఫర్ అన్నచోట, తెలుగువాళ్ళు శుభ్రంగా ‘వేకువచుక్క’ అని పెట్టారు. బబులోను రాజుని ఎత్తిపొడుస్తూ చెప్పిన మాట అది, నువ్వు ఆకాశంలోంచి ఎలా పడిపోయావని. మేగస్ తొంభైల్లో థౌ ఆర్ట్ లార్డ్‌తో చేసిన ఆల్బమ్ పేరు ‘ఎయోస్ఫోరోస్’. 2021లో జిమ్‌తో చేసినదాని ఆఖరి పాట ‘ద లూసిఫెరియన్’. మధ్యలో ఇరవై ఏడేళ్ళు, మనిషి మాత్రం అదే చుక్క కింద నిలబడి ఉన్నాడు. నాకు ఆ సంగతి తట్టించింది ఏ మెటల్ పత్రికా కాదు, గుంటూరులో మా అత్తగారు. మా వైపు లెక్కలో ఆ చుక్క శుక్రుడు, రాక్షసుల గురువు. ఆ ముక్క ఆవిడతో అనలేదు. అప్పటికే చాలా ఎక్కువైంది.

ఆవిడ కాసేపు ఆగి, “ఏ చుక్కయినా గానీ, కాస్త సౌండు తగ్గించండి” అంది.

సరే, లోపాలు. రికార్డింగ్ మరీ శుభ్రంగా ఉంది. ముఖ్యంగా డ్రమ్స్. ప్రతి దెబ్బా ఇస్త్రీ చేసినట్టు ఒకే మడతలో వినిపిస్తుంది. తొంభైల రికార్డుల్లో తడిసిన గోడ వాసన ఉండేది, అది ఇందులో లేదు. కారులో, మెట్రోలో ఇయర్‌ఫోన్లతో వినేటప్పుడు ఈ శుభ్రత మేలే చేస్తుంది, పెద్ద స్పీకర్లలో రాత్రిపూట విన్నప్పుడే వెలితి తెలుస్తుంది. ఇంకొకటి, ‘అన్‌బార్న్, అన్‌డెడ్, ఎటర్నల్’, ‘టైరంట్స్’ పక్కపక్కన రావడం. విడివిడిగా రెండూ గట్టి పాటలే. వరసగా వింటే నాకు అక్కడ కాలు లాగుతుంది. పావుగంట ప్రయాణం మిగిలి ఉంటే వాటిని దాటేసి ఆఖరి పాటకి వెళ్ళిపోతాను. సీడీ కూడా తెప్పించుకున్నాను. విదేశంలో ఒక చిన్న దుకాణం నుంచి ఏడు వారాలకి వచ్చింది, మూల నలిగిపోయి. ఉత్తరం రాస్తే క్షమాపణలు చెప్పారుగానీ ఇంకోటి పంపలేదు. అది ఆల్బమ్ తప్పు కాదనుకోండి, కానీ అల్మారాలో ఆ నలిగిన మూల చూసినప్పుడల్లా మండుతుంది.

మొదటి అనుమానం ఏమైందని అడుగుతారేమో, అదే మల్టీస్టారర్ అనుమానం. ఒక రకంగా నిజమైంది, ఒక రకంగా కాలేదు. కాలేదు అనడం ఎందుకంటే, ఈ ఎనిమిది పాటల్లో ఎవరి వాటా ఎంతో లెక్క తీయడం నా వల్ల కాలేదు. బేస్ ముందుకొచ్చిన చోట గొంతు తగ్గుతుంది, గొంతు లేచిన చోట గిటార్ దౌడు మాత్రమే మిగులుతుంది. ఒకరినొకరు పదిహేడు, పద్దెనిమిదేళ్ళ వయసునుంచి ఎరిగినవాళ్ళు పేకాట ఆడినట్టు ఉంటుంది, ఎవరూ ముక్క అడగరు, పడాల్సిన ముక్క పడుతుంది. నిజమైంది అనడం ఎందుకంటే, ఈ కలయిక ఒక్క ఆల్బమ్‌తోనే సరి. 2020లో ‘అండర్ హిజ్ స్వే’ అనే ఈపీ, అంటే ఆల్బమ్‌కన్నా చిన్న రికార్డు, 2021లో ఇది, అంతే. 2024లో యోత్ ఇరియా నుంచి ‘బ్లేజింగ్ ఇన్‌ఫెర్నో’ వచ్చేసరికి గొంతు మేగస్‌ది కాదు. ఆయన 2023లో తన పేరు మీదే వేరే ఆల్బమ్ చేసుకున్నాడు, దాని పేరు అచ్చ గ్రీకులో పెట్టుకుని.

‘బ్లేజింగ్ ఇన్‌ఫెర్నో’ చెడ్డదేం కాదు. ఇంకా చురుగ్గా, ఇంకా హెవీ మెటల్ వైపు ఒరిగి ఉంటుంది. నాలుగు రోజులు వరసగా విని, ఐదో రోజు మళ్ళీ దీనికే వచ్చాను. అక్కడ లేనిది, ఆ గరగర గొంతు మోసుకొచ్చే వయసు. అదే 2021లో మేగస్ నెక్రోమాంటియాని కూడా మూసేశాడు. ఆ బ్యాండ్ సంగతి తెలియనివాళ్ళకి చెబుతున్నా, అందులో రిథమ్ గిటారే ఉండదు. దాని బదులు ఎనిమిది తీగల బేస్‌ని, శబ్దాన్ని గరగరలాడించే డిస్టార్షన్‌లో పెట్టి బారన్ బ్లడ్ వాయించేవాడు. ఆయన 2019లో పోయాడు. రెండేళ్ళకి ఆయన జ్ఞాపకంగా ‘టు ద డెప్త్స్ వీ డిసెండ్’ విడుదల చేసి మేగస్ ఆ తలుపు మూసేశాడు. ఈ సంగతి తెలిశాక ‘యాజ్ ద ఫ్లేమ్ విదర్స్’ అనే పేరు, మంట వాడిపోతుండగా అని, నాకు వేరేలా వినపడటం మొదలైంది. అంతకుముందు దాన్ని మామూలు మెటల్ డాంబికం అనుకునేవాణ్ణి.

కొత్తవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలంటే, నేనైతే ‘ద రెడ్ క్రౌన్ టర్న్స్ బ్లాక్’ పెట్టి ఇస్తాను. అది నచ్చకపోతే మిగతావి వినక్కర్లేదు. నచ్చితే మొదటినుంచి, మంచి హెడ్‌ఫోన్స్‌తో, మీటింగులు లేనప్పుడు. లాప్‌టాప్ స్పీకర్లలో మాత్రం వద్దు. ఆ తర్వాత ‘దై మైటీ కాంట్రాక్ట్’కి వెనక్కి వెళ్ళండి. వరస తప్పినా ఫరవాలేదు, నేను తెలిసినవాళ్ళకి ఇద్దరికి ఇలా తిరగేసి వినిపించాను. ఒకడు ఇప్పటికీ వింటున్నాడు. రెండోవాడు నా ఫోన్ ఎత్తడం లేదు.

మొన్న క్రిస్మస్‌కి గుంటూరు వెళ్ళాం. కేకు తేవడానికని కారు తీస్తే మా అత్తగారు ముందు సీట్లో కూర్చుంది. తాళం తిప్పాను. స్టీరియో తన పని తాను చేసింది. నేను కంగారుగా చెయ్యి చాపేలోపు ఆవిడే సీటుబెల్టు లాక్కుంటూ, తెర వంక అయినా చూడకుండా, “మీ వేకువచుక్క వచ్చేసిందండీ” అంది.